చీము పట్టిన ఎముక గాయం – నర్సు చేసే మూడు పనులు

అది 1865వ సంవత్సరం, ఆగస్టు 12వ తేదీ. స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో జేమ్స్ గ్రీన్‌లీస్ అనే పదకొండేళ్ళ కుర్రవాడి ఎడమకాలి మీదుగా ఒక బండి చక్రం వెళ్ళింది. మోకాలి కింది ఎముక విరిగింది. అంతేకాదు, చర్మం చీలి అంగుళంన్నర పొడవున గాయమయింది. అతణ్ణి ఆస్పత్రికి తీసుకువెళ్ళారు.

ఎముక విరిగినా పైచర్మం చెక్కుచెదరకపోతే ఆ రోజుల్లో కూడా అంత భయం ఉండేది కాదు. చెక్కలు కట్టి కదలకుండా ఉంచితే కొన్ని వారాలకు అతుక్కునేది. కాని చర్మం చీలి, విరిగిన ఎముకకు బయటి గాలి, దుమ్ము తగిలాయా, ఇక రోగి బతుకు దైవాధీనమే. గాయం చీము పట్టేది. చాలామందికి కాలు తీసేయాల్సి వచ్చేది. తీసేసినా బతుకుతారన్న నమ్మకం లేదు. గాయం మానాలంటే చీము పట్టక తప్పదనీ, అది మంచి లక్షణమేననీ నమ్మిన వైద్యులు అప్పట్లో ఎందరో ఉండేవారు!

జేమ్స్‌కు వైద్యం చేసిన శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్. పదార్థాలు కుళ్ళడానికి కారణం కంటికి కనిపించని సూక్ష్మజీవులేనని ఫ్రాన్సు దేశంలో లూయీ పాశ్చర్ చేసిన ప్రయోగాలను గురించి ఆయన చదివాడు. గాయం కుళ్ళడానికీ అవే కారణం కావచ్చు కదా అని ఆలోచించాడు. కార్లైల్ పట్టణంలో మురుగునీటి దుర్వాసన పోగొట్టడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని కూడా ఆయన విన్నాడు. ఆ ఆమ్లంలో తడిపిన గుడ్డతో జేమ్స్ గాయానికి కట్టు కట్టాడు. నాలుగు రోజుల తర్వాత కట్టు విప్పి చూస్తే చీము లేదు, కుళ్ళు వాసనా లేదు. ఆరు వారాలు గడిచేసరికి ఎముక అతుక్కుంది. కుర్రవాడు రెండు కాళ్ళతో ఇంటికి వెళ్ళాడు. ఈ సంగతిని లిస్టర్ 1867లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రకటించాడు.

మరి ఇప్పుడు మనకు ఎన్నో యాంటీబయాటిక్ మందులున్నాయి కదా, ఎముక గాయం చీము పడితే ఒక సూది వేయించుకుంటే సరిపోదా? సరిపోదు. ఎందుకు సరిపోదో, అక్కడ నర్సు పని ఎందుకంత ముఖ్యమో ఇప్పుడు తెలుసుకుందాం.

ఎముక మొండి పట్టు

పదో తరగతి చదివే రమణ అనే అబ్బాయిని ఊహించుకుందాం. మోటారు సైకిలు జారి రోడ్డు పక్క బురదలో పడ్డాడు. మోకాలి కింద ఉండే పెద్ద ఎముక, అంటే అంతర్జంఘిక, విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. ఆస్పత్రిలో డాక్టర్లు ఆపరేషను చేసి, గాయం కడిగి, కాలి బయటినుంచి ఉక్కు కడ్డీలు బిగించి ఎముకను నిలబెట్టారు. పది రోజుల తర్వాత జ్వరం వచ్చింది. గాయం నుంచి పచ్చటి చీము కారసాగింది.

మీ మోకాలి కింద ముందుభాగాన్ని చేత్తో తడిమి చూడండి. చర్మం కిందే ఎముక తగులుతుంది. అక్కడ కండ చాలా తక్కువ. అందుకే ఆ ఎముక విరిగితే చర్మాన్ని చీల్చుకుని రావడం సులభం. కండ తక్కువ కాబట్టి రక్తప్రసారం కూడా తక్కువే.

ఎముక అంటే ఎండుకర్ర కాదు. అది ప్రాణమున్న పదార్థం. దానిలో రక్తనాళాలున్నాయి, జీవకణాలున్నాయి. ఎముక విరిగినప్పుడు ఆ రక్తనాళాలు కూడా తెగుతాయి. రక్తం అందని ముక్క చచ్చిపోతుంది. సూక్ష్మజీవులకు అదే కోట అవుతుంది. మనం మింగిన మాత్ర గాని, వేయించుకున్న సూది మందు గాని రక్తంలో కలిసే శరీరమంతా తిరుగుతుంది. రక్తం వెళ్ళని చోటికి మందు ఎలా వెళుతుంది? తెల్ల రక్తకణాలు మాత్రం ఎలా వెళతాయి?

ఇంకొక చిక్కు కూడా ఉంది. వాడకం లేని నూతి మెట్ల మీద పాచి పట్టడం మీరు చూసే ఉంటారు. నీళ్ళు పోస్తే అది పోదు, గీకాలి. చచ్చిన ఎముక మీద, లోపల అమర్చిన ఉక్కు మరల మీద బాక్టీరియాలు అలాంటి జిగురు పొరనే అల్లుకుని దాని కింద దాక్కుంటాయి. ఆ పొరలో ఉన్న బాక్టీరియాలను చంపడం మందులకు చాలా కష్టం. అందుకే డాక్టర్లు ముందుగా చచ్చిన ఎముకను, కుళ్ళిన కండను తీసివేస్తారు. ఆ తరువాతే మందు పని చేస్తుంది.

ఎముకలో చీము పట్టే జబ్బును ఆస్టియోమైలైటిస్ అంటారు. దీనికి ఎక్కువసార్లు కారణమయ్యేది స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే గుండ్రటి బాక్టీరియా. వెయ్యింటిని వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు పొడవు ఉంటుంది. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తుల్లా కనిపిస్తుంది. ఇది ఎక్కడో అడవిలో ఉండేది కాదు. ఏ జబ్బూ లేని వాళ్ళలో కూడా సుమారు ముగ్గురిలో ఒకరి ముక్కులో ఇది నివసిస్తూ ఉంటుంది. ముక్కు నుంచి చేతికి, చేతి నుంచి గాయానికి దానికి ఎంతో దూరం లేదు.

డాక్టరు ఆపరేషను చేసి వెళ్ళిపోతాడు. రోజుకు ఒకటి రెండుసార్లు వచ్చి చూస్తాడు. కాని ఇరవై నాలుగు గంటలూ రోగి దగ్గర ఉండేది నర్సులే. వారు చేసే పనులు ఎన్నో ఉన్నా వాటిని మూడు మాటల్లో చెప్పుకోవచ్చు. ఒకటి: కొత్త క్రిములను గాయంలోకి రానివ్వకపోవడం. రెండు: గాయానికి మంచి రక్తం అందేలా చూడడం. మూడు: కనిపెట్టి ఉండడం.

మొదటి పని: కొత్త క్రిములను రానివ్వకపోవడం

"గాయంలో ఎలాగూ చీము ఉంది కదా, ఇంకా అంత శుభ్రత దేనికి?" అని మీరడగవచ్చు. ఉన్న క్రిములు ఒక రకం. వాటికి తగిన మందును డాక్టరు ఎంచుకున్నాడు. ఆ మందుకు లొంగని ఇంకొక రకం క్రిమి పక్క మంచం రోగి నుంచి వచ్చి చేరిందంటే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. అంతేకాదు, రమణ గాయంలోని క్రిములు పక్క మంచం మీది వారికి అంటకూడదు. ఈ రెండు దారులకూ వంతెన ఒకటే. అది మనిషి చెయ్యి.

అందుకే కట్టు మార్చడానికి ముందు నర్సు సబ్బుతో, నీటితో చేతులు కడుక్కుంటుంది. ఏదో తడిపి తుడుచుకోవడం కాదు. అరచేతులు, చేతుల వెనుక భాగం, వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ చివరలు అన్నీ రుద్దుతూ మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది. కంటికి మురికి కనిపించనప్పుడు స్పిరిట్ కలిసిన ద్రావణంతో 20 నుంచి 30 సెకన్లు రుద్దుకున్నా చాలు.

కట్టు మార్చడంలో ఒక వరస ఉంది. కట్టు విప్పేటప్పుడు నొప్పి ఎక్కువ కాబట్టి డాక్టరు చెప్పిన నొప్పి మందును కొంతసేపు ముందుగానే ఇస్తుంది. తొడుగులు వేసుకుని పాత కట్టు విప్పుతుంది. గుడ్డ గాయానికి అంటుకుపోతే లాగదు. సెలైన్ నీటితో నానబెట్టి మెల్లగా తీస్తుంది. లాగితే అప్పుడే మొలుస్తున్న లేత కండ ఊడివస్తుంది. ఆ కట్టునూ తొడుగులనూ పారవేసి మళ్ళీ చేతులు కడుక్కుంటుంది. తరువాత క్రిములు లేని కొత్త తొడుగులు వేసుకుని గాయం శుభ్రం చేస్తుంది.

సెలైన్ అంటే లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, క్రిములు లేకుండా చేసిన ద్రావణం. మన శరీర ద్రవాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అది లేత కణాలను బాధించదు. లిస్టర్ వాడిన కార్బాలిక్ ఆమ్లం క్రిములతోబాటు చర్మాన్నీ కాల్చేది. ఈనాడు గాయాలకు దాన్ని వాడరు.

కట్టుకు వాడే గుడ్డలు, పట్టకార్లు ఆటోక్లేవ్ అనే పెట్టెలో తయారవుతాయి. అది మన ఇంట్లో ప్రెషర్ కుక్కరుకు పెద్దన్న లాంటిది. మామూలుగా నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మరుగుతుంది. ఒత్తిడి పెంచితే ఆవిరి వేడి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో కనీసం 15 నిమిషాలు ఉంచితే, మరిగే నీటిలో కూడా చావని గట్టి బీజాలు సైతం నశిస్తాయి.

వార్డులో కట్లు మార్చే క్రమంలో కూడా శాస్త్రం ఉంది. ముందు శుభ్రమైన గాయాలున్న రోగులు, చివరికి చీము పట్టిన గాయాలున్న రోగులు. విప్పిన కట్లు పసుపు పచ్చ సంచిలోకి వెళతాయి. సూదులు గుచ్చుకోకుండా గట్టి తెల్ల డబ్బాలోకి వెళతాయి. మన దేశంలో 2016లో వచ్చిన ఆస్పత్రి వ్యర్థాల నియమాలు ఈ రంగులను నిర్ణయించాయి. ఆ సంచి చెత్తకుప్ప మీద పడితే చెత్త ఏరుకునే పిల్లవాడి చేతికి ఆ క్రిములు అంటుతాయి కదా!

రెండో పని: రక్తం అందేలా చూడడం

మందు రక్తంతోబాటే ప్రయాణం చేస్తుందని చెప్పుకున్నాం. గాయాన్ని మాన్పే తెల్ల రక్తకణాలు, ప్రాణవాయువు, ఆహారం కూడా ఆ దారినే రావాలి. కనుక ఆ దారి తెరిచి ఉంచాలి.

గాయపడిన కాలు వాస్తుంది. వాపు పెరిగితే సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. అందుకని నర్సు కాలి కింద దిండ్లు పెట్టి ఎత్తుగా ఉంచుతుంది. మంచం మీదే పాదాన్ని పైకీ కిందికీ ఆడించమంటుంది. పిక్క కండరం బిగిసి సడలినప్పుడల్లా పంపులా పని చేసి రక్తాన్ని గుండెవైపు తోస్తుంది. లేకపోతే రక్తం నిలిచి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. కదలకుండా పడుకునే రోగికి వీపు మీద, మడమల మీద ఒత్తిడి పుండ్లు పడతాయి. కాబట్టి సుమారు రెండు గంటలకొకసారి ఒత్తిగిలించి పడుకోబెడుతుంది.

మందులు వేళ తప్పకుండా ఇవ్వడం ఇంకొక బాధ్యత. ఎనిమిది గంటలకొకసారి ఇవ్వవలసిన మందును ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి ఇస్తారు. మందు ఇచ్చాక రక్తంలో దాని పాళ్ళు పెరుగుతాయి, తర్వాత మెల్లగా తగ్గుతాయి. బాగా తగ్గిపోకముందే మళ్ళీ ఇవ్వాలి. ఆలస్యమయితే బతికి బయటపడిన బాక్టీరియాలు మళ్ళీ పెరుగుతాయి. ఎముకలో చీము పడితే మందు సాధారణంగా కొన్ని వారాలు, తరచు ఆరు వారాల దాకా కూడా వాడవలసి వస్తుంది. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానేస్తే మొండి క్రిములే మిగులుతాయి. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయని హెచ్చరించాడు. ఆ మాట నిజమయింది.

ఇక ఆహారం. రమణ దగ్గర ఉన్న మామ్మగారు నర్సును అడిగింది.

"సిస్టరమ్మా, పప్పు పెడితే పుండు చీము పడుతుందంట గదా! కారం లేని చారన్నమే పెడుతున్నా."

"అది ఉత్త అపోహ మామ్మగారూ! చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. కొత్త కండ పుట్టాలంటే పప్పు, గుడ్డు, పాలు అన్నీ పెట్టాలి. చారన్నంతో గాయం మానదు."

సిస్టరు మాట అక్షరాలా నిజం. కండకు, ఎముకకు మాంసకృత్తులే ముడిసరుకు. పప్పులు, గుడ్లు, పాలు, చేపలు, వేరుశనగలలో అవి బాగా దొరుకుతాయి. గాయాన్ని అతికించే కొల్లాజెన్ అనే నారపదార్థం తయారు కావడానికి సి విటమిను కావాలి. అది జామపండులో, ఉసిరికాయలో, నిమ్మకాయలో పుష్కలంగా ఉంది. మన ఇళ్ళలో పాటించే అతి పథ్యం వల్ల ఎందరి గాయాలో ఆలస్యంగా మానుతున్నాయి. పొగతాగేవారి ఎముకలు కూడా ఆలస్యంగానే అతుకుతాయి. పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. మధుమేహం ఉంటే రక్తంలో చక్కెరను అదుపులో ఉంచాలి. చక్కెర ఎక్కువైతే తెల్ల రక్తకణాల పోరాటశక్తి తగ్గిపోతుంది.

మూడో పని: కనిపెట్టి ఉండడం

ఈ పనికి యంత్రం లేదు. కన్ను, ముక్కు, చెయ్యి, చెవి, అన్నిటికీ మించి ఓపిక కావాలి.

కట్టు విప్పినప్పుడల్లా నర్సు గాయాన్ని చదువుతుంది. ఎర్రగా, తడిగా, చిన్న చిన్న గింజల్లా కనిపించే కండ మంచి గుర్తు. అది రక్తం అందుతున్న లేత కండ. పచ్చగా, నల్లగా ఉన్నది చచ్చిన పదార్థం. చీము ఎంత ఉంది, ఏ రంగు, ఏ వాసన, నిన్నటికన్నా పెరిగిందా తగ్గిందా అన్నీ పుస్తకంలో రాస్తుంది. నిన్న ఒక నర్సు, నేడు ఇంకొక నర్సు చూస్తారు కాబట్టి ఆ రాత లేకపోతే పోల్చడం కుదరదు. డాక్టరు కోరితే గాయం నుంచి నమూనా తీసి పరీక్షశాలకు పంపుతారు. అక్కడ క్రిములను పెంచి, ఏ మందుకు లొంగుతాయో చూస్తారు. వీలైనంతవరకు ఈ నమూనాను యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయడం మంచిది.

ఉక్కు కడ్డీలు చర్మంలోకి దిగిన చోట్లను కూడా చూడాలి. అక్కడ ఎరుపు, వాపు, చీము మొదలయితే క్రిములు ఆ కడ్డీ వెంట ఎముకలోకి దిగుతాయి. జ్వరం, నాడి, శ్వాస, రక్తపు పోటు వేళకు చూడాలి. జ్వరంతోబాటు నాడి వేగం పెరిగి, శ్వాస ఎక్కువై, రోగి మగతగా మాట్లాడుతున్నాడంటే క్రిముల ప్రభావం శరీరమంతటా పాకుతున్నదని అనుమానించాలి. అప్పుడు గంటలు కాదు, నిమిషాలే ముఖ్యం.

రాత్రి రెండు గంటలప్పుడు టార్చిలైటుతో వచ్చిన నర్సు రమణ కాలివేళ్ళను తాకి చూస్తుంది.

"వేళ్ళు కదుపు నాన్నా. తిమ్మిరిగా ఉందా?"

"లేదు సిస్టర్. కొంచెం నొప్పి, అంతే."

ఆమె బొటనవేలి గోరును నొక్కి వదులుతుంది. మీరూ ఇప్పుడు మీ చేతి గోరును నొక్కి వదిలి చూడండి. తెల్లబడిన గోరు రెండు మూడు సెకన్లలో మళ్ళీ గులాబిరంగుకు వస్తుంది. అంటే రక్తం వస్తున్నదన్న మాట. వేళ్ళు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, లేక మందు వేసినా తగ్గని నొప్పి పెరుగుతూ పోయినా నర్సు వెంటనే డాక్టరును పిలుస్తుంది. లోపలి వాపువల్ల గాని, బిగుతు కట్టువల్ల గాని కండరాలకు రక్తం ఆగిపోతే కొద్ది గంటల్లోనే అవి చచ్చిపోతాయి. తెల్లవారేదాకా ఆగితే కాలు దక్కకపోవచ్చు. ఆ రాత్రి టార్చిలైటు వెలుగులో చూసిన ఒక్క చూపు కాలును నిలబెడుతుంది.

రోగి మనస్సును కనిపెట్టడం కూడా ఈ పనిలో భాగమే. వారాలకొద్దీ మంచం మీద ఉన్న పిల్లవాడికి "నాకింక నడక రాదేమో" అన్న దిగులు పట్టుకుంటుంది. గాయం వాసన వల్ల స్నేహితులు దూరంగా కూర్చుంటే సిగ్గుపడతాడు. ముఖం చిట్లించకుండా కట్టు మార్చి, "నిన్నటికన్నా బాగుంది" అని నిజం చెప్పే నర్సు మాట అతనికి పెద్ద ధైర్యం.

మీరు చేయగలిగినవి

ఎముక బయటికి కనిపించే గాయం మీ కళ్ళముందు జరిగితే కంగారుపడకండి. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని కప్పండి. రక్తం ధారగా కారుతుంటే ఎముక మీద కాకుండా గాయం చుట్టూ గుడ్డతో గట్టిగా అదిమి ఉంచండి. కాలును ఉన్నచోట కదలకుండా ఉంచి 108కి ఫోను చేయించండి. బయటికొచ్చిన ఎముకను లోపలికి నెట్టకండి. కాఫీపొడి, పసుపు, పసరు, బూడిద వంటివేవీ వేయనివ్వకండి. నాటు కట్టు కట్టించవద్దు. యాంటీబయాటిక్ మందు ఎంత త్వరగా పడితే, వీలైతే మొదటి గంటలోనే, చీము పట్టే ప్రమాదం అంత తగ్గుతుంది. మట్టిలో ధనుర్వాతం బీజాలుంటాయి కాబట్టి ధనుర్వాతం టీకా సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

ఆస్పత్రిలో స్నేహితుణ్ణి చూడడానికి వెళితే లోపలికి వెళ్ళేముందు, బయటికి వచ్చాక చేతులు కడుక్కోండి. అతని మంచం మీద కూర్చోకండి. కట్టును, కడ్డీలను ముట్టుకోకండి.

చేసి చూడండి

రెండు చేతులకూ కొంచెం నూనె, పసుపు కలిపి పూసుకోండి. ఆ పసుపే క్రిములనుకోండి. కళ్ళు మూసుకుని పది సెకన్లు సబ్బుతో కడుక్కుని, కళ్ళు తెరిచి చూడండి. ఎక్కడెక్కడ పసుపు మిగిలింది? చాలామందికి బొటనవేళ్ళ దగ్గర, వేళ్ళ సందుల్లో, గోళ్ళ అంచుల్లో మిగులుతుంది. ఇప్పుడు నర్సు కడుక్కునే పద్ధతిలో 40 సెకన్లు కడుక్కుని పోల్చండి.

ఆలోచించండి

1. చచ్చిన ఎముక ముక్కను తీసివేయకుండా మందు మాత్రమే ఇస్తే ఏమవుతుంది?
2. శుభ్రమైన గాయాల కట్లను ముందు, చీము గాయాల కట్లను చివర ఎందుకు మారుస్తారు?
3. కట్టు కట్టింది పిక్కకయితే నర్సు కాలివేళ్ళను ఎందుకు చూస్తుంది?

జేమ్స్ కాలును కాపాడింది కార్బాలిక్ ఆమ్లమేనని చాలామంది అనుకుంటారు. ఆ ఆమ్లాన్ని గాయాలకు వాడడం ఎప్పుడో మానేశారు. కాని క్రిమిని గాయం దాకా రానివ్వకూడదన్న లిస్టర్ ఆలోచన మాత్రం ఈనాటికీ ప్రతి వార్డులోనూ నిలిచి ఉంది. కట్టు విప్పే ముందు కుళాయి దగ్గర నిలబడి నిమిషం సేపు చేతులు కడుక్కుంటున్న నర్సును ఈసారి మీరు చూస్తే, ఆమె వైద్యం అప్పుడే మొదలయిందని గుర్తుంచుకోండి.